లావాదేవీల ఐసొలేషన్ స్థాయి: ఏ పనికి ఏది ఎంచుకోవాలి?

డేటాబేసు మీద నడిచే ప్రతి అప్లికేషన్‌లోనూ, చాలాసార్లు ఎవరూ కూర్చుని ఆలోచించని నిర్ణయం ఒకటి ఉంటుంది. ఒకే సమయంలో నడుస్తున్న రెండు లావాదేవీలు (ట్రాన్సాక్షన్లు, అంటే జరిగితే అన్నీ జరగాల్సిన, లేకపోతే ఏదీ జరగకూడని పనుల కట్టలు) ఒకదాని పనిని మరొకటి ఎంతవరకు చూడవచ్చు, ఒకదాని ఫలితాన్ని మరొకటి ఎంతవరకు మార్చవచ్చు అన్నదే ఆ నిర్ణయం. దీన్నే ఐసొలేషన్ స్థాయి అంటారు. ప్రోగ్రామర్ ఏమీ చెప్పకపోతే డేటాబేసు తన డిఫాల్టునే వాడుతుంది: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో అది రీడ్ కమిటెడ్ (కమిట్ అయిన, అంటే ఖరారైన విలువలనే చదవనిచ్చే స్థాయి), మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ అనే నిల్వ ఇంజన్‌లో రిపీటబుల్ రీడ్ (చదివిన రికార్డును మళ్ళీ చదివితే అదే విలువ కనిపించే స్థాయి). ఆ డిఫాల్టు మీ పనికి సరిపోతుందా, పై స్థాయికి వెళ్ళాలా, లేక స్థాయిని అలాగే ఉంచి లాకులతోనో (లావాదేవీ ముగిసేదాకా రికార్డును ఇతరులు మార్చకుండా పట్టి ఉంచడం) కన్‌స్ట్రెయింట్లతోనో (డేటాబేసు తానే అమలు చేసే నియమాలు) పని జరుపుకోవాలా అని తేల్చుకోవలసినవారి కోసం ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెబుతాను. స్థాయిని ఎంచుకోవడంతో పని మొదలుపెట్టకూడదు. మీ డేటా ఎన్నడూ తప్పకూడని నియమాలను మామూలు వాక్యాల్లో కాగితం మీద రాసుకోవాలి: ఖాతాలో నిల్వ సున్నా కంటే తగ్గకూడదు, ఒక హాలును ఒకే సమయానికి ఇద్దరికి ఇవ్వకూడదు, సంఘం ఖాతాలన్నిటి మొత్తం ఫలానా హద్దు కంటే దిగకూడదు. ఆ తర్వాత ఒక్కొక్క నియమాన్నీ పట్టుకుని, దాన్ని కాపాడగల సాధనాల్లో అతి తక్కువ ఖర్చుతో సరిపోయేది ఏదో వెతకాలి. అలా చేస్తే చాలా నియమాలకు డిఫాల్టు స్థాయే చాలుతుందని, కొన్నింటికి మాత్రం పేరుకు పెద్దదైన స్థాయి కూడా చాలదని తెలుస్తుంది.

ఒకే పేరు, వేర్వేరు హామీలు

ఏకకాలంలో నడిచిన లావాదేవీల ఫలితం, అవి ఏదో ఒక వరుసలో ఒకదాని తర్వాత ఒకటిగా నడిచి ఉంటే వచ్చే ఫలితంతో సమానంగా ఉండాలన్నది ఈ రంగంలో మొదటి నుంచీ ఉన్న ఆదర్శం. దీన్ని సీరియలైజబిలిటీ అంటారు. లావాదేవీ తనకు కావలసిన లాకులన్నీ తీసుకున్న తర్వాతే వదలడం మొదలుపెడితే, అంటే రెండు దశల లాకింగ్ పాటిస్తే, ఈ ఆదర్శం నెరవేరుతుందని ఐబీఎం శాన్ హొసే ప్రయోగశాలకు చెందిన ఈశ్వరన్, జిమ్ గ్రే, లోరీ, ట్రైగర్ 1976లో చూపించారు. ఉన్న రికార్డులను లాక్ చేస్తే చాలదు, ఇంకా పుట్టని రికార్డుల సంగతీ చూసుకోవాలని కూడా వారే చెప్పారు. అలాంటి రికార్డుకు ఫాంటమ్ అన్న పేరు అప్పటిదే. 1983లో హెర్డర్, రాయిటర్ లావాదేవీ గుణాలు నాలుగింటినీ (అటామిసిటీ, కన్సిస్టెన్సీ, ఐసొలేషన్, డ్యూరబిలిటీ) యాసిడ్ అన్న పొట్టిపేరు కిందికి తెచ్చారు. ఆ నాలుగింటిలో ఐసొలేషన్‌నే ఎస్‌క్యూఎల్ ప్రమాణం మెట్లుగా విడగొట్టి, వేగం కోసం కొంత వదులుకునే వీలు కల్పించింది.

చిక్కు అక్కడే మొదలైంది. 1992 నాటి ప్రమాణం నాలుగు స్థాయిలను (కింది నుంచి రీడ్ అన్‌కమిటెడ్, రీడ్ కమిటెడ్, రిపీటబుల్ రీడ్, సీరియలైజబుల్) మూడు రకాల పొరపాట్ల ఆధారంగా నిర్వచించింది: కమిట్ కాని విలువను చదవడం, ఒకే రికార్డును రెండుసార్లు చదివితే రెండు విలువలు కనిపించడం, ఒకే షరతుతో రెండుసార్లు వెతికితే రెండోసారి కొత్త రికార్డులు కనిపించడం. ఈ మూడూ జరగకపోయినా ఫలితం తప్పు కావచ్చని గ్రే, బెరెన్‌సన్, బెర్న్‌స్టైన్, మెల్టన్, ఓనీల్ దంపతులు 1995లో ఒక విమర్శా పత్రంలో వివరించారు. అందుకు వారు చూపిన ఉదాహరణ స్నాప్‌షాట్ ఐసొలేషన్. అందులో లావాదేవీ మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో ఆ చిత్రమే చివరిదాకా కనిపిస్తుంది. ఒకే రికార్డును ఇద్దరు మారిస్తే ఒకరు ఓడిపోతారు. అయినా అది సీరియలైజబుల్ కాదు.

ఈ చరిత్ర నేటికీ పేర్ల రూపంలో మన మీద పనిచేస్తోంది. ఒరాకిల్‌లో సీరియలైజబుల్ అని అడిగితే వచ్చేది స్నాప్‌షాట్ ఐసొలేషనే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో అదే హామీకి పేరు రిపీటబుల్ రీడ్, 9.1 వెర్షన్‌కు ముందు అక్కడ కూడా దాన్నే సీరియలైజబుల్ అనేవారు. కేహిల్, రోమ్, ఫెకెటె 2008లో ప్రతిపాదించిన పద్ధతిని ఆధారం చేసుకుని 2011లో 9.1 వెర్షన్ నిజమైన సీరియలైజబుల్‌ను తెచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 వెర్షన్ నుంచి స్నాప్‌షాట్‌ను దాని సొంత పేరుతోనే ఇస్తోంది, సీరియలైజబుల్‌ను మాత్రం లాకులతో నడుపుతుంది. మైఎస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్ వీటన్నిటికంటే విచిత్రమైనది: మామూలు సెలెక్ట్ (చదివే వాక్యం) పాత చిత్రాన్ని చూస్తుంది, అదే లావాదేవీలోని అప్‌డేట్ (మార్చే వాక్యం) మాత్రం తాజా విలువ మీద పనిచేస్తుంది, కాబట్టి సెలెక్ట్‌కు కనిపించని రికార్డులను కూడా అప్‌డేట్ మార్చగలదు. అందువల్ల ఎవరైనా మేము సీరియలైజబుల్ వాడుతున్నాం అంటే, ఏ డేటాబేసులో అని అడగకుండా ఆ మాటకు విలువ కట్టలేము.

డిఫాల్టును ఫ్రేమ్‌వర్కు (అప్లికేషన్లు రాయడానికి వాడే జాంగో, స్ప్రింగ్ లాంటి సిద్ధమైన చట్రం) మార్చేసిందేమో కూడా చూసుకోవాలి. జాంగో 2.0 నుంచి మైఎస్‌క్యూఎల్ కనెక్షన్లను రీడ్ కమిటెడ్‌లో తెరుస్తుంది. స్ప్రింగ్ ప్రత్యేకంగా చెప్పనంతవరకు డేటాబేసు డిఫాల్టునే ఉంచుతుంది. ఒకే మైఎస్‌క్యూఎల్ మీద ఒక సేవ జాంగోతోను, మరొకటి స్ప్రింగ్‌తోను నడుస్తుంటే అవి రెండు వేర్వేరు స్థాయిల్లో పనిచేస్తున్నాయన్నమాట.

అన్నిటికంటే కింది మెట్టు అయిన రీడ్ అన్‌కమిటెడ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో అది అడిగినా రీడ్ కమిటెడే వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో నోలాక్ అన్న సూచనతో దాన్ని వాడే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ చదవడంలో కమిట్ కాని విలువలు రావడమే కాదు, ఒక రికార్డు రెండుసార్లు రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. డబ్బు లెక్కలకు, సరుకు లెక్కలకు దాన్ని వాడకండి.

నియమం ఒకే రికార్డులో ఉన్నప్పుడు

ఖాతాలో 5,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఒక లావాదేవీ నిల్వను చదివి, ప్రోగ్రాములో 500 తీసివేసి, 4,500 అని రాస్తుంది. ఆ రెండు అడుగుల మధ్యలోనే మరో లావాదేవీ అదే 5,000ను చదివి, 1,000 తీసివేసి, 4,000 అని రాస్తుంది. రెండూ కమిట్ అవుతాయి, చివర రాసిన విలువ మిగులుతుంది, ఒకరి డెబిట్ జాడ లేకుండా పోతుంది. దీన్ని లాస్ట్ అప్‌డేట్ అంటారు. రీడ్ కమిటెడ్‌లో ఇది ఏ డేటాబేసులోనైనా జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్‌లో రెండో లావాదేవీ 40001 అన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఒరాకిల్ సీరియలైజబుల్‌లో ఓఆర్‌ఏ-08177 వస్తుంది. మైఎస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్‌లో ఏ ఎర్రరూ రాదు, నష్టం నిశ్శబ్దంగా జరిగిపోతుంది. డిఫాల్టే ఒక మెట్టు పైన ఉంది కదా అని మైఎస్‌క్యూఎల్ వాడేవారు ధీమాగా ఉండకూడదని ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

ఈ రకం నియమానికి స్థాయి పెంచడం అనవసరం. తీసివేతను ప్రోగ్రాములో చేయకుండా అప్‌డేట్ వాక్యంలోనే చేయించి, నిల్వ 500 లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే అన్న షరతును అదే వాక్యంలో పెట్టి, ఎన్ని రికార్డులు మారాయో చూసుకుంటే చాలు. రెండో అప్‌డేట్ మొదటిది కమిట్ అయ్యేదాకా ఆగి, తాజా విలువ మీద షరతును మళ్ళీ పరీక్షిస్తుంది. షరతు నెగ్గకపోతే మారిన రికార్డుల సంఖ్య సున్నా అని వస్తుంది, అప్పుడు డబ్బు చాలదని కస్టమరుకు చెప్పవచ్చు. దీనికి తోడు నిల్వ సున్నా కంటే తగ్గకూడదన్న చెక్ కన్‌స్ట్రెయింట్‌ను టేబుల్ మీదే పెట్టాలి, ఎందుకంటే రేపు మరెవరో రాసే స్క్రిప్టుకు మీ ప్రోగ్రాములోని జాగ్రత్త తెలియదు. అయితే మైఎస్‌క్యూఎల్‌లో చెక్ కన్‌స్ట్రెయింట్లు 8.0.16 నుంచి మాత్రమే అమలవుతున్నాయి. అంతకు ముందు వెర్షన్లు వాటిని ఒప్పుకుని, ఆ వెంటనే పక్కన పెట్టేసేవి. పాత సర్వర్ నుంచి వచ్చిన స్కీమాను (టేబుళ్ళ నిర్మాణాన్ని) ఆ దృష్టితో ఒకసారి చూడండి.

నిర్ణయం ఒక్క వాక్యంలో ఇమడకపోతే, అంటే చదివిన విలువ మీద ప్రోగ్రాము కొంత లెక్క చేయవలసి ఉంటే, సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో రికార్డును ముందే లాక్ చేయాలి. మధ్యలో మనిషి ఉంటే మాత్రం లాక్ పనికిరాదు. గుమాస్తా ఒక దరఖాస్తును తెర మీద తెరిచి భోజనానికి వెళ్ళిపోతే ఆ లాక్ అంతసేపూ నిలిచి ఉంటుంది. అలాంటి చోట ప్రతి రికార్డులో ఒక వెర్షన్ సంఖ్య ఉంచి, సేవ్ చేసేటప్పుడు ఆ సంఖ్య చదివినప్పటిదేనా అని అప్‌డేట్ షరతులో పరీక్షించే ఆప్టిమిస్టిక్ పద్ధతి సరైనది. కుంగ్, రాబిన్‌సన్ 1981లో ప్రతిపాదించిన ఆలోచనకు ఇది వాడుకలో స్థిరపడిన సులువైన రూపం. జేపీఏ (జావాలో డేటాబేసుతో పనిచేసే ప్రామాణిక పద్ధతి) వాడే జావా ప్రోగ్రామర్లకు ఇది వెర్షన్ అనోటేషన్‌గా పరిచయమే.

నియమం అనేక రికార్డుల మీద పరచుకున్నప్పుడు

అసలైన ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. ఒక స్వయం సహాయక సంఘానికి రెండు ఖాతాలు ఉన్నాయి, రెండింటిలోనూ తలా 15,000 రూపాయలు ఉన్నాయి, రెండింటి మొత్తం 20,000 కంటే తగ్గకూడదన్నది నియమం అనుకుందాం. అధ్యక్షురాలు మొదటి ఖాతా నుంచి, కోశాధికారి రెండో ఖాతా నుంచి ఒకే సమయంలో చెరో 8,000 తీస్తారు. ప్రతి లావాదేవీకీ మొత్తం 30,000గానే కనిపిస్తుంది, 8,000 తీస్తే 22,000 మిగులుతుందని లెక్క తేలుతుంది, రెండూ కమిట్ అవుతాయి. చివరికి మిగిలేది 14,000. ఇద్దరూ వేర్వేరు రికార్డులను మార్చారు కాబట్టి స్నాప్‌షాట్ ఐసొలేషన్‌కు ఇందులో తగవేమీ కనిపించదు. ఈ పొరపాటుకు రైట్ స్క్యూ అని పేరు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్, ఒరాకిల్ సీరియలైజబుల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ స్నాప్‌షాట్, మైఎస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్ అన్నీ దీన్ని జరగనిస్తాయి.

దీనికి ఎంపికలు రెండు. మొదటిది నిజమైన సీరియలైజబుల్: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో ఆ స్థాయి ఈ నియమాన్ని కాపాడుతుంది. రెండోది, రీడ్ కమిటెడ్‌లోనే ఉండి, ఖాతాలను చదవడానికి ముందు సంఘం తాలూకు మూల రికార్డును సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేయడం. ఆ సంఘం డబ్బును కదిలించే ప్రతి లావాదేవీ ముందు ఆ ఒక్క గుమ్మం దాటాలి కాబట్టి అవి ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఒరాకిల్ వాడేవారికి ఈ రెండో దారే మిగులుతుంది.

రెండో దారిలో చాలామందికి తెలియని గుంట ఒకటి ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇదే ఉపాయాన్ని రిపీటబుల్ రీడ్‌లో వాడితే పని చేయదు. ఆ స్థాయిలో లావాదేవీలోని మొదటి వాక్యంతోనే చిత్రం తీయబడుతుంది. ఆ మొదటి వాక్యం లాక్ కోసం ఎదురుచూసే సెలెక్ట్ ఫర్ అప్‌డేటే అయితే, ఎదురుచూపు ముగిసి లాక్ చేతికి వచ్చాక కూడా కనిపించేది ఎదురుచూపుకు ముందు నాటి డేటాయే. మొదటి లావాదేవీ మూల రికార్డును లాక్ చేసిందే తప్ప మార్చలేదు కాబట్టి ఎర్రర్ కూడా రాదు. అంటే రీడ్ కమిటెడ్‌లో సరిగ్గా నడిచే ప్రోగ్రామును మరింత భద్రత కోసమని ఒక మెట్టు పైకి ఎక్కిస్తే అది తప్పుగా నడవడం మొదలుపెడుతుంది. తప్పనిసరిగా ఆ స్థాయిలోనే ఉండాలంటే మూల రికార్డులో ఒక సంఖ్యను పెంచుతూ నిజంగానే అప్‌డేట్ చేయాలి, అప్పుడు రెండో లావాదేవీకి 40001 వస్తుంది.

ఇంకా పుట్టని రికార్డు

ఒక కల్యాణ మండపం బుకింగులను తీసుకుందాం. ప్రోగ్రాము ముందు ఆ సమయానికి బుకింగ్ ఉందా అని వెతుకుతుంది, లేదని తేలితే కొత్త రికార్డు చేరుస్తుంది. మంచి ముహూర్తాలు ఉన్న నెలలో రెండు కుటుంబాలు ఒకే నిమిషంలో అదే హాలును అడిగితే, రెండు వెతుకులాటలకూ ఏమీ దొరకదు, రెండు రికార్డులూ చేరిపోతాయి. ఇక్కడ లాక్ చేయడానికి రికార్డే లేదు, అందువల్లే డేటాబేసుల తేడాలు ఈ ఉదాహరణలో బాగా బయటపడతాయి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ దొరికిన రికార్డులనే లాక్ చేస్తుంది. ఏమీ దొరకకపోతే ఏ లాకూ పడదు, రెండు బుకింగులూ నమోదవుతాయి. మైఎస్‌క్యూఎల్ రిపీటబుల్ రీడ్‌లో అదే వాక్యం ఇండెక్సులోని (వెతకడానికి డేటాబేసు ఉంచుకునే క్రమ సూచికలోని) ఖాళీని గ్యాప్ లాక్‌తో పట్టుకుంటుంది, అయితే గ్యాప్ లాకులు ఒకదానికొకటి అడ్డురావు. ఇద్దరికీ లాక్ దొరుకుతుంది, ఆపై ఇద్దరి ఇన్సర్టూ ఎదుటివారి లాక్ కోసం ఆగుతుంది, డెడ్‌లాక్ ఏర్పడి ఒకరు రోల్‌బ్యాక్ అవుతారు (చేసిన పని రద్దవుతుంది). నియమం నిలిచినట్టే, కానీ డెడ్‌లాక్ రూపంలో. ఎస్‌క్యూఎల్ సర్వర్ సీరియలైజబుల్‌లో కూడా రేంజ్ లాకుల (విలువల పరిధినంతా పట్టుకునే లాకుల) వల్ల దాదాపు ఇదే జరిగి, ఓడినవారికి 1205 ఎర్రర్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సీరియలైజబుల్ ఎవరినీ ఆపదు; ఎవరు ఏ షరతుతో వెతికారో గుర్తుపెట్టుకుని, తగవు కనిపించినప్పుడు ఒకరికి 40001 ఇస్తుంది. ఒరాకిల్ సీరియలైజబుల్ రెండింటినీ కమిట్ చేయనిస్తుంది.

ఇన్ని తేడాల మధ్య నా సలహా ఒక్కటే: వీలున్న ప్రతిచోటా ఈ నియమాన్ని కన్‌స్ట్రెయింట్‌గా మార్చండి. బుకింగులు ఉదయం, సాయంత్రం అన్న స్థిరమైన పూటల్లో ఉంటే హాలు, తేదీ, పూట మూడింటి మీద యూనిక్ ఇండెక్సు (అవే విలువలతో రెండో రికార్డును చేరనివ్వనిది) చాలు, అది ఏ డేటాబేసులోనైనా ఏ స్థాయిలోనైనా నిలబడుతుంది. కానీ మన పెళ్ళిళ్ళు ఒక తేదీలో ఇమడవు. తెల్లవారుజామున ముహూర్తం ఉంటే హాలు ముందు రోజు సాయంత్రం నుంచే కావాలి, అప్పగింతలు, భోజనాలు అయ్యేసరికి మరునాటి మధ్యాహ్నం అవుతుంది. అలాంటప్పుడు బుకింగ్ అంటే మొదలు, చివర ఉన్న ఒక కాలవ్యవధి. రెండు వ్యవధులు ఒకదాని మీదికి మరొకటి రాకూడదన్నది నియమం, యూనిక్ ఇండెక్సు దీన్ని పట్టుకోలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇందుకు సరిగ్గా సరిపోయే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ 9.0 నుంచి ఉంది, 9.2లో వచ్చిన రేంజ్ టైపులతో (మొదలు, చివర ఉన్న వ్యవధిని ఒకే విలువగా ఉంచే రకాలతో) కలిపి వాడితే రెండు పంక్తుల్లో పని ముగుస్తుంది. మిగతా డేటాబేసుల్లో హాలు రికార్డును ముందు లాక్ చేసి ఆ తర్వాత వెతకడమే సులువైన దారి.

సీరియలైజబుల్ ఎవరికి తగినది

కన్‌స్ట్రెయింట్‌గా రాయలేని నియమాలు చాలా ఉండి, అవి ఏ టేబుళ్ళను తాకుతాయో ముందుగా చెప్పలేని పరిస్థితి ఉంటే, ఎక్కడికక్కడ లాకులు రాసుకుంటూ పోవడం కంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సీరియలైజబుల్ మంచిదని నేను నమ్ముతాను. లాక్ పెట్టడం ఒక్కచోట మరిచిపోతే చాలు, నియమం మొత్తం కూలుతుంది. ఆ మరుపును కోడ్ సమీక్షలో పట్టుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. అయితే ఈ ఎంపికకు మూడు షరతులు ఉన్నాయి. ఆ డేటాను తాకే లావాదేవీలన్నీ అదే స్థాయిలో ఉండాలి. రాత్రిపూట నడిచే బ్యాచ్ పని ఒక్కటి రీడ్ కమిటెడ్‌లో నడిచినా హామీ పోతుంది. స్టాండ్‌బై రెప్లికా (ప్రధాన సర్వర్‌ను అనుసరించే నకలు సర్వర్) మీద ఈ స్థాయి దొరకదు. ఇక మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఓడిపోయిన లావాదేవీని మళ్ళీ నడిపించే ఏర్పాటు ప్రోగ్రాములో ఉండాలి.

మళ్ళీ నడిపించడమంటే ఎర్రర్ వచ్చిన వాక్యాన్ని మళ్ళీ పంపడం కాదు. మొదటి సెలెక్ట్ నుంచి, దాని మీద తీసుకున్న నిర్ణయంతో సహా లావాదేవీ మొత్తాన్ని కొత్తగా నడపాలి. ఈ ఎర్రర్ కమిట్ సమయంలో కూడా రావచ్చు కాబట్టి కమిట్ కూడా ఆ వలయం లోపలే ఉండాలి. లావాదేవీ మధ్యలో ఎస్‌ఎంఎస్ పంపడం, పేమెంట్ గేట్‌వేను పిలవడం లాంటి పనులు ఉంటే అవి రెండుసార్లు జరుగుతాయి. వాటిని కమిట్ తర్వాతకు జరపకుండా సీరియలైజబుల్‌కు మారవద్దు. లాకుల దారి ఎంచుకున్నవారికీ డెడ్‌లాకులు తప్పవు కనుక ఈ ఏర్పాటు వారికీ అవసరమే. మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో జాగ్రత్త కావాలి: డెడ్‌లాక్ వస్తే లావాదేవీ మొత్తం రోల్‌బ్యాక్ అవుతుంది, కానీ లాక్ కోసం ఎదురుచూసే గడువు దాటితే, డిఫాల్టుగా 50 సెకన్లు, ఆ ఒక్క వాక్యమే వెనక్కి పోతుంది, లావాదేవీ సగం పనితో తెరిచే ఉంటుంది. ఆ ఎర్రర్‌ను పట్టుకుని, లాగులో రాసి, ముందుకు సాగిపోయే ప్రోగ్రాము ఆ సగం పనిని కమిట్ చేసేస్తుంది.

తగవులు తక్కువగా ఉన్నచోట ఆప్టిమిస్టిక్ పద్ధతులు, ఒకే రికార్డు కోసం తోపులాట ఉన్నచోట లాకులు మేలు. తోపులాటలో ఆప్టిమిస్టిక్ పద్ధతి వాడితే చేసిన పనిలో ఎక్కువ భాగం పారేసి మళ్ళీ చేయవలసి వస్తుంది. ఈ తేడా ఎంతో మీ లోడు మీద కొలిచి చూసుకోవాలి, బయటివారి అంకెలు మీకు పనికిరావు.

అందరికీ అదే రికార్డు కావలసినప్పుడు

తత్కాల్ టికెట్లు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగతావాటికి 11 గంటలకు తెరుచుకుంటాయి. ఆ నిమిషంలో వచ్చేంత ఒత్తిడిని తట్టుకోవలసిన వ్యవస్థను మీరు రూపొందిస్తున్నారనుకోండి, మిగిలిన సీట్లు ఇన్ని అన్న లెక్కను ఒకే రికార్డులో ఉంచితే ఏ ఐసొలేషన్ స్థాయీ కాపాడలేదు. లాక్‌తోనైతే అందరూ ఒకే వరుసలో నిలబడతారు, ఆప్టిమిస్టిక్‌తోనైతే ఒకరు నెగ్గి మిగతావారంతా మళ్ళీ మొదటికొస్తారు. మార్చవలసింది డేటా ఆకృతిని. ఒక్కో సీటును ఒక్కో రికార్డుగా ఉంచి, ఇతరులు లాక్ చేసినవాటిని దాటవేసే స్కిప్ లాక్డ్ సూచనతో ఖాళీ సీటును పట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.5, మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఇది ఉంది, ఒరాకిల్‌లోనూ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రీడ్‌పాస్ట్ అన్న పేరుతో దొరుకుతుంది. సీటుకు గుర్తింపు అవసరం లేని లెక్కలైతే, సంఖ్యను పది రికార్డులుగా విడగొట్టి ఏదో ఒకదాని నుంచి తగ్గించవచ్చు.

డబ్బు చెల్లించేదాకా లావాదేవీని తెరిచి ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. సీటును ఫలానా సమయం వరకు ఫలానా వ్యక్తికి కేటాయించామని ఒక చిన్న లావాదేవీలో రాసి కమిట్ చేయాలి. చెల్లింపు వచ్చాక ఇంకో చిన్న లావాదేవీలో ఖరారు చేయాలి. గడువు దాటితే కేటాయింపు దానంతట అదే చెల్లకుండా పోవాలి.

ఒక డేటాబేసు దాటినప్పుడు: రెండు దశల కమిటా, సాగానా

ఒక లావాదేవీ రెండు డేటాబేసులను తాకితే ఎంపిక మరో రూపం తీసుకుంటుంది. రెండు దశల కమిట్‌లో ఒక సమన్వయకర్త ముందు అందరినీ సిద్ధమా అని అడిగి, అందరూ సరేనంటే కమిట్ చేయమంటాడు. సిద్ధమని చెప్పిన డేటాబేసు ఆ తర్వాత సొంతంగా వెనక్కి తగ్గలేదు; సమన్వయకర్త ఆ క్షణంలో కూలిపోతే, అది తిరిగి లేచేదాకా లాకులు పట్టుకుని ఎదురుచూడవలసిందే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈ సౌకర్యాన్ని డిఫాల్టుగా మూసి ఉంచడానికి, తెరిచేవారు మిగిలిపోయిన సిద్ధ లావాదేవీలను కనిపెట్టి ఉండాలని హెచ్చరించడానికి ఇదే కారణం. ఒకే సంస్థ అధీనంలో, ఒకే డేటా సెంటరులో, నమ్మకమైన ట్రాన్సాక్షన్ మేనేజర్‌తో నడిచే రెండు మూడు డేటాబేసులకైతే ఇది సరైన ఎంపికే, దాన్ని పాతకాలపుదని తోసిపుచ్చనక్కరలేదు.

వేర్వేరు సంస్థల మధ్య అది కుదరదు, ఒకరి లాకులను మరొకరి చేతిలో పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. అక్కడ గార్సియా-మోలినా, సేలెమ్ 1987లో ప్రతిపాదించిన సాగా పనికొస్తుంది: పెద్ద పనిని చిన్న లావాదేవీలుగా విడగొట్టి ఒక్కొక్కటీ అప్పటికప్పుడు కమిట్ చేస్తారు, మధ్యలో ఏదైనా విఫలమైతే అంతకు ముందువాటి ప్రభావాన్ని తొలగించే ఎదురు లావాదేవీలు నడుపుతారు. ఇలాంటి దాని పర్యవసానం మనందరికీ యూపీఐలో పరిచయమే. పంపినవారి బ్యాంకులో డెబిట్ అయిపోయి, అందుకునేవారి ఖాతాలో జమ కాకపోతే, ఆ సొమ్ము తిరిగి రావాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వ్యక్తుల మధ్య బదిలీల్లో అది మరుసటి రోజుకల్లా, వ్యాపారులకు చేసిన చెల్లింపుల్లో అయిదు రోజుల్లోగా జరగాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. సాగాలో ఐసొలేషన్ లేదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు: డబ్బు ఒకచోట తగ్గి మరోచోట పెరగని మధ్య స్థితి కస్టమరు కళ్ళకు కనిపిస్తుంది, దానికి గడువు, జరిమానా కూడా నిర్ణయించవలసి వచ్చింది.

కాబట్టి సాగాను ఎంచుకునేవారు ఆ మధ్య స్థితికి పెండింగ్ అని పేరు పెట్టి, డేటాలో దానికి చోటిచ్చి, తెర మీద చూపించాలి. ప్రతి అడుగుకు ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన అభ్యర్థనకు పని మళ్ళీ చేయకుండా పాత జవాబునే తిరిగి పంపాలి. ఎదురు లావాదేవీ విఫలం కాకుండా ముందే ఆలోచించాలి. జమ చేసిన డబ్బును గ్రహీత ఖర్చు పెట్టేశాక వెనక్కి తీసుకోలేము కాబట్టి, వెనక్కి తీసుకోలేని అడుగును వరుసలో చివరికి జరపాలి.

నివేదికలు, రెప్లికాలు

రోజువారీ నివేదికలకు, బ్యాకప్‌లకు స్నాప్‌షాట్ చక్కగా సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ బ్యాకప్ సాధనమైన పీజీ డంప్ రిపీటబుల్ రీడ్‌లో నడిచేది అందుకే. దాని ఖర్చు వేరేచోట కనిపిస్తుంది: పాత చిత్రాన్ని ఎవరైనా చూస్తున్నంతసేపు డేటాబేసు పాత వెర్షన్లను తుడిచేయలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో వాక్యూమ్ (పాత వెర్షన్లను తుడిచే పని) వాటిని తొలగించలేక టేబుళ్ళు ఉబ్బుతాయి, ఇన్నోడీబీలో పాత వెర్షన్ల చిట్టా పెరుగుతుంది, ఒరాకిల్‌లో పాతబడిన చిత్రమంటూ ఓఆర్‌ఏ-01555 వచ్చి నివేదికే ఆగిపోవచ్చు. గంటల తరబడి నడిచే నివేదికలను రెప్లికాకు తరలించడం మంచిది. అలాగని రెప్లికాలో చదివిన విలువ మీద ఆధారపడి ప్రధాన సర్వర్‌లో రాయకూడదు. ఆ రెండింటి మధ్య ఆలస్యం ఉంటుంది, మీరు ప్రధాన సర్వర్‌లో ఎంచుకున్న స్థాయి ఆ చదవడానికి వర్తించదు.

ఎంపిక అయ్యాక దాన్ని చేత్తో పరీక్షించాలి. రెండు క్లయింటు విండోలు తెరిచి, రెండింటిలోనూ లావాదేవీ మొదలుపెట్టి, మీ ప్రోగ్రాము పంపే వాక్యాలనే ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ చొప్పున నడిపి, రెండింటినీ కమిట్ చేయండి. రెండు కమిట్లూ నెగ్గి, కాగితం మీద రాసుకున్న నియమం తప్పితే, ఆ నియమానికి ఇంకా రక్షణ లేదు. ఇదే వరుసను రెండు థ్రెడ్లతో ఆటోమేటిక్ పరీక్షగా రాసి, అసలు సర్వర్‌లో ఉన్న డేటాబేసు మీదే, అదే వెర్షన్‌తో నడపాలి. పరీక్షల వేగం కోసం హెచ్‌2 లాంటి ఇన్-మెమరీ డేటాబేసును వాడే ప్రాజెక్టుల్లో మిగతా పరీక్షలు దాని మీద నడిచినా ఫరవాలేదు, ఈ పరీక్షలు మాత్రం దాని మీద నడిపి ప్రయోజనం లేదు. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు మారే ప్రాజెక్టుల్లో పాత సర్వర్ మీద, కొత్త సర్వర్ మీద రెండింటి మీదా నడిపి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి.